దుకాణం మూసిన మూడో రోజు: పాలమూరు మందు కల్లు, ఊరి భాగస్వామ్యం

సంక్షిప్తంగా: దక్షిణ తెలంగాణలో మత్తు అనగానే ఇప్పుడు గంజాయి గుర్తొస్తోంది. పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో అంతకంటే ముందునుంచీ ఉన్న సమస్య కల్లు సీసాలో కలిసే ఆల్ప్రాజోలం, డైజోఫాం అనే మత్తుమందులు. అవి కలిసిన కల్లే మందు కల్లు. దాడులతో సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడల్లా తాగేవాళ్లు ఆసుపత్రుల పాలవుతున్నారు. ఎక్సైజ్ సిబ్బంది, డాక్టర్లు, ఆశ కార్యకర్తలు, గీత కార్మికులు, మహిళా సంఘాలు ముందే మాట్లాడుకుని పని పంచుకుంటే ఏం మారుతుంది, ఆ పొత్తు ఎక్కడ బెడిసికొడుతుంది అన్నది ఈ వ్యాసం విషయం.

పదేళ్లుగా అదే వరస

2015 సెప్టెంబర్‌లో ఎక్సైజ్ శాఖ కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరం చేసింది. దుకాణాలకు మత్తుమందు అందడం ఆగిపోయింది. కొద్ది రోజుల్లోనే నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల ఆసుపత్రులకు వందల మంది వచ్చారు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, పొంతన లేకుండా మాట్లాడడం, ఫిట్స్ రావడం. ఇంట్లోవాళ్లు కొందరు గాలి సోకిందనుకున్నారు, కొందరు కల్లులో విషం కలిసిందనుకున్నారు. నిజానికి చాలామందిలో ఆ లక్షణాలు రోజూ ఒంట్లోకి వెళ్లే మందు వెళ్లకపోవడం వల్ల వచ్చినవి.

2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో మళ్లీ అదే దృశ్యం. పదుల మంది చేరారు, మరణాలూ జరిగాయి. ఆ మరణాలకు కారణం కల్లేనా, ముందునుంచి ఉన్న జబ్బులా అన్న వాదన కొన్నాళ్లు నడిచింది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. రాజధానిలో జరిగింది కాబట్టి అది రాష్ట్రమంతా చర్చకు వచ్చింది. పాలమూరుకు మాత్రం అందులో కొత్తేమీ లేదు.

ఈ ఘటనల్లో రెండు రకాలు కలిసిపోయి కనిపిస్తాయి. మందు మోతాదు మించితే ఒకటి, మందు అందకపోతే రెండోది. మొదటిదానికి పోలీసు, ఎక్సైజ్ చర్య అవసరం. రెండోది ఆ చర్య వల్లే వస్తుంది. చర్చల్లో ఈ తేడా దాదాపు ఎప్పుడూ వినిపించదు.

చెట్టు కల్లు ఎందుకు మందు కల్లు అయింది

ఈత కల్లు ఎక్కువగా చలికాలంలో, తాటి కల్లు ఎండాకాలంలో దొరుకుతుంది. దించిన కొద్ది గంటల్లోనే పులవడం మొదలై, సాయంత్రానికి రుచి మారిపోతుంది. అంటే అసలు కల్లుకు కాలం ఉంది, గడువు ఉంది, దూరం పరిమితి ఉంది. తాగేవాళ్లకు మాత్రం ఏడాది పొడవునా, ప్రతి పూటా కావాలి. చెట్టు ఇవ్వలేనిది దుకాణాలకు కల్లు పంపే డిపో ఇస్తుంది: నీళ్లు, తీపి కోసం శాకరిన్, మత్తు కోసం ఆల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్.

వ్యాపారి వైపు లెక్క ఇలా ఉంటుంది. మందుల షాపులో దొరికే ఆల్ప్రాజోలం మాత్ర సాధారణంగా 0.25 లేదా 0.5 మిల్లీగ్రాములు. ఆ లెక్కన ఒక కిలో పొడి 0.5 మిల్లీగ్రాముల మాత్రలు 20 లక్షలకు సమానం. ఒక స్టీలు డబ్బాలో పట్టే సరుకుతో ఒక మండలానికి నెలల తరబడి మత్తు సరఫరా చేయవచ్చు. చెక్‌పోస్టులో లారీ ఆపితే గంజాయి మూటలు వాసనతోనైనా పట్టుబడతాయి, ఈ పొడికి ఆ ఇబ్బంది లేదు.

తాగేవాళ్ల వైపు లెక్క వేరు. పాలమూరు అంటే వలస కూలీ. రాళ్లు మోసి, మట్టి తవ్వి, నాట్లు వేసి వచ్చిన ఒంటికి నొప్పి తెలియకుండా నిద్ర పట్టాలి. మద్యం కంటే కల్లు చవక. పైగా కల్లు తాగితే తాగుబోతు అనరు. చుట్టం వస్తే కల్లు, పోచమ్మకు కల్లు, చావుకూ కల్లు. మొగోళ్లే కాదు, ఆడవాళ్లూ తాగుతారు. ముసలివాళ్లు మందులా తాగుతారు. మత్తు సరిగా ఎక్కకపోతే ‘ఇయ్యాల కల్లు మంచిగ లేదు’ అంటారు. మందు కలపని కల్లు అమ్మే దుకాణానికి గిరాకీ పడిపోవడానికి కారణం ఇదే. కల్తీని వ్యాపారి దురాశగా మాత్రమే చూస్తే సగం బొమ్మే కనిపిస్తుంది. అలవాటు పడిన ఒళ్లు ఆ కల్తీనే అడుగుతోంది.

2019లో వచ్చిన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసువాళ్లలో దాదాపు 1.08 శాతం మంది డాక్టరు చెప్పకుండా మత్తు మాత్రలు వాడుతున్నారు. మందు కల్లు తాగే మనిషి ఆ లెక్కలోకి వచ్చే అవకాశం తక్కువ. మత్తు మాత్రలు వేసుకుంటావా అని అడిగితే లేదనే చెబుతాడు, అతనికి తెలిసినంతలో అది నిజం కూడా.

ఒంట్లో జరిగేది

ఆల్ప్రాజోలం, డైజోఫాం ఒకే కుటుంబానికి చెందిన మందులు. మెదడులో ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే రసాయనం పనిని ఇవి పెంచుతాయి. వాడగా వాడగా మెదడు తన వైపు సర్దుబాటు చేసుకుంటుంది, అదే మత్తుకు ఇంకాస్త మందు కావాలి. బండికి బ్రేకు నొక్కి ఉంచి నడపడం అలవాటైతే డ్రైవరు యాక్సిలరేటరు ఎక్కువ తొక్కుతాడు. బ్రేకు మీద కాలు ఒక్కసారిగా తీసేస్తే బండి దూకుతుంది. మందు ఆగిన మనిషి ఒంట్లో జరిగేది ఇంచుమించు అదే: గుండె దడ, చెమటలు, వణుకు, నిద్రలేమి, లేనివి కనిపించడం, చివరికి ఫిట్స్.

ఆల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతుంది. సగటున 11 గంటల్లో సగానికి తగ్గుతుంది. కాబట్టి లక్షణాలు ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతాయి. సోమవారం దుకాణం మూస్తే బుధవారానికి ఆసుపత్రిలో రద్దీ. పండక్కి వచ్చి మళ్లీ పుణెకో ముంబైకో పనికి వెళ్లిన కూలీకి రైలు దిగేసరికే టెన్షన్, వణుకు మొదలైతే దానికీ కారణం ఇదే కావచ్చు. అక్కడి డాక్టరుకు ఈ సంగతి తెలియదు, కూలీ చెప్పడు.

వైద్యం తెలియనిదేమీ కాదు. నెమ్మదిగా వెళ్లిపోయే అదే కుటుంబపు మందును డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చి, వారాల తరబడి మోతాదు తగ్గిస్తూ పోవాలి. ఒక్కరోజులో మాన్పించడం ధైర్యంగా కనిపిస్తుంది, ఈ మందుల విషయంలో అది ప్రాణాపాయం. మందు కల్లు మీద మద్యం కూడా తాగితే ఊపిరి మందగించి చనిపోయే ప్రమాదం ఉంది. దుకాణం మూతపడ్డ ఊళ్లో బెల్టు షాపుకు మళ్లేవాళ్ల విషయంలో ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

చట్టం చేయి ఎంతవరకు

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఆల్ప్రాజోలం 5 గ్రాముల వరకు చిన్న పరిమాణం, 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. మొదటిదానికి ఏడాది వరకు, రెండోదానికి 10 నుంచి 20 ఏళ్ల జైలు. శిక్షలు గట్టివే. చిక్కు ఏమిటంటే దుకాణంలో దొరికే కల్లులో మందు కరిగిపోయి ఉంటుంది, పొడి తయారయ్యేది ఎక్కడో. 2025 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ ఓల్డ్ బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు బడి భవనంలోనే ఆల్ప్రాజోలం తయారీ యూనిట్ బయటపడింది. అక్కడినుంచి సరుకు మహబూబ్‌నగర్ జిల్లా కల్లు దుకాణాలకు వెళ్తోందని అధికారులు చెప్పారు. కింద పిల్లలకు పాఠాలు, పైన మత్తుమందు వంట. అలాంటి చోటును కనిపెట్టడం ఊరి కమిటీ వల్ల కాదు. అది ‘ఈగల్’ లాంటి రాష్ట్ర విభాగం పని. మాదకద్రవ్యాల నిరోధక బ్యూరోగా ఉన్న ఆ విభాగానికి 2025 జూన్‌లో ఈ పేరు పెట్టారు, సమాచారం ఇవ్వడానికి నంబరు 1908.

అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తుకు అలవాటు పడిన మనిషి చిన్న పరిమాణానికి సంబంధించిన కేసులో ఉండి, తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ఒప్పుకుంటే విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది, చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ సెక్షన్ గురించి ఊళ్లలో తెలిసినవాళ్లు అరుదు. తెలియనంతకాలం డాక్టరు దగ్గరికి వెళ్తే పోలీసులు పట్టుకుంటారన్న భయమే రాజ్యం చేస్తుంది. 2019 సర్వే లెక్కల్లో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. చట్టవిరుద్ధ మత్తుమందులకు బానిసలైనవాళ్లలో ఆసుపత్రిలో చేర్చి చేసే చికిత్స 20 మందిలో ఒక్కరికే దొరికింది.

దూబగుంట పాఠం ఇక్కడ సగమే పనిచేస్తుంది

ఊరు కలిసి మత్తును ఎదిరించడం గురించి తెలుగునేల మీద ఎవరు మాట్లాడినా దూబగుంట దగ్గర మొదలుపెడతారు. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ పేరు ఇంటింటికీ తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. ఉద్యమం ప్రభుత్వాన్ని కదిలించింది, ఖజానా అవసరం తిరిగి దాన్ని వెనక్కి లాగింది. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే.

పాలమూరులో ఆ నమూనా ఎక్కడ సరిపోదో చూడాలి. నెల్లూరులో తాగింది మగవాళ్లు, నష్టపోయింది ఆడవాళ్లు. రెండు పక్షాలు స్పష్టంగా విడిపోయి ఉన్నాయి. మందు కల్లు విషయంలో మహిళా సంఘం సభ్యుల్లోనే రోజూ తాగేవాళ్లు ఉంటారు. గ్రామ సమాఖ్య సమావేశంలో దుకాణం మూయించాలని తీర్మానం చేస్తే, చేయెత్తిన వాళ్లలో కొందరికి రెండు రోజుల్లో వణుకు మొదలవుతుంది. అందుకే ఇక్కడ మహిళా సంఘం మొదటి పని ధర్నా అయితే ఎదురు తిరుగుతుంది. మొదటి పని తమలో ఎవరికి ఎంత అలవాటు ఉందో గుట్టుగా లెక్క తీయడం.

గుడుంబా (నాటుసారా) అనుభవం ఇంకొంచెం దగ్గరగా ఉంటుంది. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో బట్టీలు పగలగొట్టడం దశాబ్దాల పాటు సాగింది. పగలగొట్టిన వారానికి మళ్లీ వెలిగేవి. తెలంగాణ వచ్చాక నల్లబెల్లం సరఫరా మీద నిఘా పెట్టి, కాయడం మానేసిన కుటుంబాలకు 2 లక్షల రూపాయల సాయంతో బతుకుదెరువు చూపే పథకం తెచ్చారు. సాయం అందరికీ సరిగా అందిందా అన్నది వేరే ప్రశ్న. కాచేవాడికి ఇంకో దారి చూపకుండా బట్టీ ఆరదని ప్రభుత్వం ఒప్పుకోవడం అందులో ముఖ్యమైన మార్పు.

పొత్తు అంటే పని పంపకం

చాలా చోట్ల భాగస్వామ్యం మాదకద్రవ్యాల వ్యతిరేక దినమైన జూన్ 26న ర్యాలీ, బ్యానరు, ప్రతిజ్ఞ దగ్గర ఆగుతుంది. ఏటా ఒకసారి భయపెట్టే ఉపన్యాసంతో పిల్లల్లో వాడకం తగ్గదని అంతర్జాతీయంగా ఎన్నో పరిశీలనలు తేల్చాయి, ఐక్యరాజ్యసమితి నివారణ ప్రమాణాలూ అదే చెబుతాయి. పనిచేసే పొత్తులో ప్రతి పక్షం దగ్గరా మరొకరి దగ్గర లేనిది ఒకటి ఉంటుంది, దాన్ని వాళ్లు బయటపెడతారు.

గీత కార్మికుడి దగ్గర ఉన్నది చెట్ల లెక్క. ఉదాహరణకు ఊళ్లో కల్లు గీసే చెట్లు 40, చెట్టుకు రోజుకు 4 లీటర్లు అనుకుందాం. మొత్తం 160 లీటర్లు, 650 మిల్లీలీటర్ల సీసాల్లో పోస్తే దాదాపు 246. ఆ ఊరి దుకాణంలో రోజుకు 800 సీసాలు లేస్తుంటే మిగతా కల్లు ఏ చెట్టుదో చెప్పడానికి ల్యాబు అక్కర్లేదు. మోకు కట్టి చెట్టెక్కే మనిషికి మందు కల్లు శత్రువే. తన లొట్టిలోని కల్లును డిపో సరుకు ధరతో కొడుతుంది, కల్తీ కేసు వస్తే మచ్చ మాత్రం అతని కులవృత్తి మీద పడుతుంది. అయినా సర్కారు సమావేశాల్లో గీత కార్మికులు అనుమానితుల్లా కూర్చుంటారు. సొసైటీ లైసెన్సు పేరొకరిది, దుకాణం నడిపేది ఇంకొకరు అయిన చోట అసలు గీసేవాళ్లను వేరుగా పిలిచి మాట్లాడకపోతే ఈ లెక్క బయటికి రాదు.

ఆశ కార్యకర్త దగ్గర ఉన్నది ఇళ్ల లెక్క. బీపీ, షుగరు కోసం ఎలాగూ గడప గడపకూ వెళ్తుంది. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, ఒక పూట తాగకపోతే ఏమవుతుంది అని మూడు ప్రశ్నలు అడిగితే ఊళ్లో ప్రమాదంలో ఉన్నవాళ్లు ఎవరో తెలుస్తుంది. ఆ వివరాలు పోలీసుల చేతికి పోవన్న హామీ లేకపోతే ఎవరూ నిజం చెప్పరు. పొత్తు మొత్తంలో అన్నిటికంటే సున్నితమైన ముడి ఇదే. ఎక్సైజ్‌కు దుకాణం పేరు చాలు, తాగేవాళ్ల పేర్లు అక్కర్లేదు.

ఆసుపత్రుల వైపు గత పదేళ్లలో పరిస్థితి మారింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో, గద్వాల, నారాయణపేటల్లో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. 2015లో లేని సదుపాయం ఇది. మానసిక వైద్యులు జిల్లా కేంద్రంలో కూర్చుని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లకు మోతాదు తగ్గించే పద్ధతి నేర్పి, ఫోన్లో అందుబాటులో ఉంటే ప్రతి రోగీ జిల్లా ఆసుపత్రికి పరిగెత్తాల్సిన పని ఉండదు. 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్, 14416 మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఎలాగూ ఉన్నాయి.

ఇక ఎక్సైజ్ దగ్గర ఉన్నది తేదీ. దాడి రహస్యంగానే జరగాలి, అందులో వాదన లేదు. దాడి జరిగిన సాయంత్రమే ఆ పరిధిలోని ఆరోగ్య కేంద్రానికి కబురు వెళ్తే సరిపోతుంది. అప్పుడు మందులు నిల్వ ఉంటాయి, 108 సిబ్బందికి ఏం అడగాలో తెలుస్తుంది, ఆశ తన జాబితాలోని ఇళ్లకు ముందే వెళ్తుంది. 2015లో లేకపోయింది ఈ ఒక్క కబురే అనడం అతిశయోక్తి అవుతుంది, అయితే మొదటి వారంలో ప్రాణాలు నిలిపేది అదే.

బెడిసికొట్టే చోట్లు

దుకాణం నుంచి లాభం పొందేవాళ్లే కమిటీలో కూర్చునే ప్రమాదం చిన్నది కాదు. కొన్ని ఊళ్లలో బెల్టు షాపును వేలం పాడించి, ఆ డబ్బుతో గుడి కట్టడం, బోర్లు వేయడం ఉంది. ఆ ఊరి పెద్దమనుషులు మత్తు నివారణ కమిటీ అయితే తీర్మానాలు కాగితం మీదే ఉంటాయి. ప్రభుత్వానిదీ ఇదే ఇరకాటం. 2025-27 మద్యం దుకాణాల కోసం ఒక్కో దరఖాస్తుకే తిరిగి రాని 3 లక్షల రూపాయలు తీసుకున్న రాష్ట్రం, మరోవైపు తాగొద్దని చెప్పాలి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం అనే సామెతను ఇక్కడ తిరగేసి చదువుకోవచ్చు.

ఇంకో ప్రమాదం జరిమానాల పంచాయతీ. తాగితే ఇంత, అమ్మితే ఇంత అని ఊళ్లో తీర్మానించడం మొదట్లో ఊపునిస్తుంది. తాగుడు ఇంట్లోకి, చాటుకు పోతుంది. చాటుకు పోయిన తాగుబోతు ఆశ కార్యకర్త కంటికి కూడా పడడు.

గంజాయికి ఇదే మందు పనిచేయదు

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు నుంచి బయలుదేరే గంజాయికి భద్రాచలం, ఖమ్మం, సూర్యాపేట మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని హైదరాబాద్ చేరడం ఒక పాత దారి. దారిలో ఉన్న నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల లాంటి ఊళ్లకు కొంత సరుకు జారడం సహజం. ఇక్కడ వాడేది కుర్రాళ్లు, కొనేది స్నేహితుల చేతి నుంచి. ఆశ కార్యకర్త గడపకు వచ్చి అడిగినా, ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

నల్లగొండ పోలీసులు 2024లో ‘మిషన్ పరివర్తన’ పేరుతో అమ్మేవాళ్ల మీద కేసులతో పాటు వాడేవాళ్లకు కౌన్సెలింగ్ మొదలుపెట్టారు. వాడేవాణ్ని, అమ్మేవాణ్ని వేరు చేసి చూడడం సరైన దిశ. కుర్రాళ్ల విషయంలో ఎక్కువగా పరిశీలించిన ఉదాహరణ ఐస్‌లాండ్‌ది. 1998లో అక్కడ 15-16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో ఒక్కసారైనా తాగి తూలినవాళ్లే. 2016కు అది 5 శాతానికి తగ్గింది. గంజాయి రుచి చూసినవాళ్లు 17 నుంచి 7 శాతానికి వచ్చారు. వాళ్లు పిల్లలకు ఉపన్యాసాలు తగ్గించి, ఏటా బడుల్లో పేరు లేని సర్వే చేసి, ఆ బడి ఫలితం ఆ బడి తల్లిదండ్రులకే చూపించారు. రాత్రి పిల్లలు బయట తిరిగే వేళలు కట్టడి చేశారు, ఆటలకు, సంగీతానికి కుటుంబాలకు డబ్బు సాయం ఇచ్చారు.

అది చిన్న దేశం, డబ్బున్న దేశం. తల్లిదండ్రులు సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. నారాయణపేట తండాలో అమ్మానాన్న ఆరు నెలలు వలసలో ఉంటే పిల్లవాడు తాత దగ్గరో హాస్టల్లోనో ఉంటాడు. ఐస్‌లాండ్‌లో తల్లిదండ్రులు మోసిన బరువు ఇక్కడ హాస్టల్ వార్డెన్ మీద, నానమ్మ మీద పడుతుంది. అలాగని నమూనా అంతా పనికిరాదనలేం. పేర్లు లేని సర్వేకు ఖర్చు తక్కువ. చిన్న పిల్లలకు గంజాయి కంటే ముందు అందేది వైట్‌నరు, జిగురు లాంటి పీల్చే మత్తు అని జాతీయ లెక్కలూ సూచిస్తున్నాయి: 10-17 ఏళ్లవాళ్లలో 1.17 శాతం, పెద్దవాళ్లలో 0.58 శాతం. మత్తు విషయంలో పెద్దల కంటే పిల్లలు ముందున్నది ఇందులోనే. స్టేషనరీ దుకాణదారు పేరు మత్తు నివారణ కమిటీల్లో ఎందుకు ఉండాలో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

ఏది లెక్కపెట్టాలి

ఎన్ని దాడులు, ఎన్ని కేసులు, ఎన్ని లీటర్లు పారబోశారు అన్నవి ఇప్పటికే పేపర్లలో వస్తున్నాయి. పొత్తు పనిచేస్తోందో లేదో వాటితో తెలియదు. మోతాదు తగ్గించే వైద్యంలో ఎంతమంది చేరారు, మూడో నెలలో ఎంతమంది మిగిలారు, చెట్ల లెక్కకూ సీసాల లెక్కకూ తేడా తగ్గిందా, దుకాణం మూసిన వారంలో ఎంతమందికి ఫిట్స్ వచ్చాయి అన్నవి చూడాలి. మొదటి ఏడాది ఆసుపత్రికి వచ్చేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. దాచుకున్నవాళ్లు బయటికి వస్తున్నందున అలా జరుగుతుంది, దాన్ని వైఫల్యంగా ప్రచారం చేస్తే డాక్టర్లు కేసులు రాయడం మానేస్తారు.

ఫిట్స్‌తో వచ్చిన రోగి కేసు షీటులో చాలాసార్లు ఉండేది వయసు, బీపీ, షుగరు, ‘ఆల్కహాలిక్’ అన్న ఒక్క మాట. దాని పక్కన ఇంకో రెండు గడులు గీయడానికి జీవో అక్కర్లేదు: ఏ ఊరి కల్లు, చివరిసారి ఏ రోజు తాగారు. ఒకే ఊరి పేరు, ఒకే తేదీ మూడుసార్లు కనిపిస్తే, నాలుగో మనిషి ఇంకా ఇంట్లోనే వణుకుతూ ఉన్నాడని ఆ ఊరి ఆశ కార్యకర్తకు ఫోన్ చేయవచ్చు.